చంద్రుని మీది కాంటా

మిర్యాలగూడ రైసుమిల్లులో స్ప్రింగు కాంటాకు వేలాడుతున్న వడ్ల బస్తాను చూసి ద్వాళి కొంగు బిగించింది. తండాలో తక్కెడతో తూచి తెచ్చిన డెబ్భై ఐదు కిలోలు ఇక్కడ డెబ్భై అయ్యాయి.

"సేటూ, ఐదు కిలోలు ఏడబోయినయి?"

"తొవ్వల ఎండకు ఆరినయి ద్వాళీ. వడ్లు గదా."

"గట్లనా, జర ఆగు." బస్తా దింపించి, తానే రెండు చేతులా కొక్కెం పట్టుకుని కాళ్లు పైకి ముడిచింది. "ముల్లు సూడు."

"యాభై ఆరు. గిదేం ఆట?"

"పొద్దున దవాఖానల అరవై ఉన్న. నేను సుత ఆరిన్నా?"

వరసలో ఉన్న రైతులు నవ్వారు. సేటు నవ్వలేదు.

"మా బిడ్డ ఏడో తరగతి సేటూ. చంద్రుని మీద గుంజుడు తక్వ అంట. గీ బస్తా గాడ స్ప్రింగు కాంటాకు కడితే పన్నెండున్నరే సూపిస్తదంట, వడ్లు మాత్రం ఒక్క గింజ తగ్గయంట. నీ మిల్లు సుత భూమి ఇడిసి జర పైకి లేసిందా?"

"మీ తండాల సదువు ఎక్వైంది. ఇష్టం లేకుంటే హాలియా మిల్లుకు తీస్కపో."

"పోత. గీళ్లంత నా ఎంబడే వస్తరు. లేదంటే మూలకు పడేసిన తక్కెడ తీయించు. చంద్రుని మీదికి పోయినా అటు వడ్లు, ఇటు రాళ్లు ఒక్కతీరుగనే తేలికైతయి. గాడ సుత డెబ్భై ఐదే తూగుతది."

సేటు వరస వైపు ఒకసారి చూశాడు. "తక్కెడ తియ్యిర్రి" అన్నాడు మెల్లగా.

ద్వాళి బండిలోంచి తన తూకపు రాళ్ల మూట దింపింది.

"గివి ఎయ్యి సేటూ. నీ రాళ్లు ఏ లోకంలవో!"