కుక్క ఎంత తడిసింది

వాన పొద్దున్నే వెలిసినా కోక్వెట్ ఏరు ఇంకా పొంగుతూనే ఉంది. అవతలి కొండకు గొర్రెల కోసం వెళ్ళిన ఆర్చీ రాలేదు గానీ, అతని కుక్క ఒక్కటే వాకిట్లోకి వచ్చింది. మోకాళ్ళు పట్టేసిన అతని ముసలి తండ్రి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"కుక్క సోకింగ్, తడిసిపోయింది మామయ్యా!" అంది కోడలు.

"మీకు మంచుకి తడిసినా సోకింగే, మునిగినా సోకింగే. వెట్‌షాడా, డ్రూకిటా?"

"మొగుడు రాక నేను చస్తుంటే మధ్యలో మీ పాత మాటలొకటి!"

"అందుకేనమ్మా అడిగేది. పాదాలే తడిస్తే వెట్‌షాడ్, ఆర్చీ, కుక్క వంతెన దారి పట్టినట్టు. నిలువెల్లా నానితే డ్రూకిట్, ఏట్లో దిగినట్టు. పొట్ట కింద చెయ్యి పెట్టి చూడు."

ఆమె వంగి చూసింది. లేచేసరికి మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి.

"డ్రూకిట్, మామయ్యా."

ముసలాయన చేతికర్ర వదిలేసి, గోడకున్న తాడు అందుకున్నాడు.