ఆర్విడ్ మొహం చిట్లించిన ఆపిల్ కల్లు

ఆ బకెట్ అక్కడ పెట్టి కూచో ఎలోడీ, సముద్రం ఇంకా వెనక్కి పోలేదు. తడి ఇసకే కావాలి మనకి. పొడిది సమాధుల మీది అక్షరాల్లో నిలవదు. మా అత్తగారు ఒనొరీన్ ఒడ్డున నిలబడి, "నీళ్ళంచున తియ్యవే, ఆ సైనికులు దిగింది అక్కడే" అని అరిచేది. ఆ అమెరికా సైనికుల సమాధుల మీది శిలువలన్నీ పాలరాయి కదా, తెల్లరాతిలో తెల్ల అక్షరాలు, పేరు కనపడి చావదు. ఇసక రుద్దావంటే బంగారంలా తేలుతుంది. వానొస్తే మళ్ళీ పోతుందనుకో. మన నార్మండీలో వాన రాని రోజేది. ఏం చెబుతున్నానూ... ఆఁ, ఆర్విడ్. చూశావా, పేరు గుర్తుంది నాకు. ఆవిడకి అతనేం చుట్టమా పక్కమా. యుద్ధంలో అమెరికా సైన్యం ఈ ఒడ్డున దిగిన రోజు మన పెరటిగోడ దూకి వచ్చాడట, ఒళ్ళంతా తడి. ఈవిడ నేలమాళిగలోంచి ఆపిల్ కల్లు తెచ్చి ఇచ్చింది. ఒక్క గుక్క తాగి మొహం అదోలా పెట్టాడట, ఒక కన్ను మూసి, మూతి పక్కకి తిప్పి. ఆవిడ చేసి చూపించేదిలే. మర్యాదకి మిగతాదీ తాగి, గుండె మీద చెయ్యి పెట్టి పేరు చెప్పి వెళ్ళాడు. వీధి మలుపు దాటలేదు, తూటా తగిలి పడిపోయాడు. అంతే పరిచయం. దానికి ఆవిడ బతికినన్నాళ్ళూ ఏటా అతని సమాధికి వెళ్ళి, పేరుకి ఇసక రుద్ది మరీ దెబ్బలాడేది. "ఏరా అబ్బాయ్, నా కల్లు పులుపా? ఊరంతా అడిగి తాగుతారు, నీకొక్కడికే పులిసిందా?" పూలు పట్టుకొచ్చిన పెద్దమనుషులు బిత్తరపోయేవాళ్ళు. కాపలా ఆయన వచ్చి, "అమ్మా, ఇది సమాధుల చోటు, నెమ్మది" అంటే, "మా ఇద్దరి గొడవ, మధ్యలో నువ్వెవరయ్యా" అనేది. ఆవిడ పోయాక ఆ దెబ్బలాట నాకొచ్చింది. కిందటేడు ఏం చేశానో తెలుసా, కళ్ళద్దాలు మర్చిపోయి, వరస తప్పి, ఎవరో పాపం వేరే అబ్బాయికి ఇసక రుద్ది, కల్లు గురించి నాలుగు చీవాట్లూ పెట్టి వచ్చాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే తట్టింది, ఆర్విడ్ చోటు అది కాదని. నవ్వకు. సరే నవ్వులే, నేనూ నవ్వాను. పడుకుంటే మాత్రం నిద్ర రాలేదు. పేరంటావా, రాతి మీదుంది, ఎక్కడికీ పోదు. ఆ మొహం ఏ రాతి మీదుంది చెప్పు. నా బుర్రలోంచి జారిందంటే ఇంకెక్కడా లేదు. అందుకే, నా మనవరాలివని, నిన్ను రమ్మన్నది. ఇదుగో, ఒనొరీన్ వేసిన చెట్టు కాయలే, ఆవిడ పట్టినట్టే పట్టాను. తాగు. మొహమాటపడకు, ఎలా ఉందో... ఉండు. అలాగే ఉండు. ఆ కన్ను, ఆ మూతి...

పద, నీళ్ళు వెనక్కి పోయాయి. బకెట్ అందుకో.