తాళం అందరికీ, చెవి ఒక్కరికే

సభాధ్యక్షులు డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, నా పక్కన కూర్చోవడానికి కాస్త జంకుతున్న సహోద్యోగులకు, వెనక వరుసలో టిఫిను కోసం ఓపిక పట్టిన మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

పదవీ విరమణ సభ కదా, ఇందాక నన్ను తెగ పొగిడారు. "ఇదంతా మా ఆవిడ గురించేనా?" అని ముందు వరుసలో మా ఆయన బిత్తరపోయి చూస్తున్నారు. (నవ్వులు)

ఈ ఆసుపత్రి సిబ్బంది ఫిర్యాదులు కంప్యూటరులో రహస్యంగా నాకు చేరేలా చూడటం నా పని. దానికి జంటగా పుట్టిన రెండు పెద్ద సంఖ్యలుంటాయి. ఒకటి తాళం. దాన్ని నోటీసు పేజీలో అందరికీ కనబడేలా పెట్టాను. ఎవరైనా తమ ఫిర్యాదుకు వేసి పంపవచ్చు, వేశాక వాళ్లు కూడా తీయలేరు. రెండోది ఆ తాళం తీసే చెవి, అది నా దగ్గరే ఉంటుంది. తాళాన్ని ఎంతసేపు చూసినా దాన్నిబట్టి చెవి తయారు చేయడం ఎవరి తరమూ కాదు.

అంత గట్టి ఏర్పాటులోనూ కంచే చేను మేసింది. పరీక్ష చేయకుండానే రిపోర్టులు ఇస్తున్నారని ల్యాబ్ అమ్మాయి రాసింది, ఆమె ఒప్పుకున్నాకే ఇది చెబుతున్నాను. నేను ఆ ఫిర్యాదు తెరవకముందే ఆమెను స్టోరు గదికి మార్చేశారు! ఎలాగా అని తల బద్దలుకొట్టుకుని చూస్తే, నోటీసు పేజీలో ఉన్నది నా తాళం కాదు. ఎవరో తమ తాళం పెట్టి, వచ్చినవి తమ చెవితో తీసి చదువుకుని, మళ్లీ నా తాళం వేసి నాకు పంపుతున్నారు. లెక్క ఎక్కడా తప్పలేదండీ, ఆ తాళం ఎవరిదని అడిగినవాళ్లే లేరు. ఆ పని చేసిందెవరని నేను రాసి అడిగాను. డైరెక్టరుగారూ, జవాబు ఇంకా రాలేదు.

అప్పటినుంచి క్యాంటీనులో బల్లబల్లకీ తిరిగి, నా తాళాన్ని గుర్తుపట్టే అంకెలు నోటితో చదివి, "మీ తెర మీద ఇవే ఉన్నాయా, సరిచూసుకోండి" అని బతిమాలాను. "అంకెలమ్మ వస్తోంది, తొందరగా తినేయండి" అన్నారు. అన్నవాళ్లలో కొందరు తర్వాత నాకే రాశారు. ఎవరో చెప్పనులెండి, అటూ ఇటూ చూసుకోకండి. (నవ్వులు)

పేర్లు తీసేసి ఆ ఫిర్యాదులన్నీ పైకి పంపాను. ఒక్కరికైనా మందలింపు లేదు. నాకది కడుపుమంట, దాచుకోను. పైగా ఇందాక అధ్యక్షులవారు, "మేడం ఛార్జితో పాటు ఆ చెవి కూడా అప్పగిస్తారు" అని సెలవిచ్చారు. అప్పగిస్తే మీ పాత ఫిర్యాదులన్నీ పేర్లతో సహా తెరుచుకుంటాయి. అయ్యా, బీరువా చెవులు మీ బల్ల మీదే ఉన్నాయి. ఆ చెవిని మాత్రం పొద్దున్నే చెరిపేశాను, నకలు లేదు. నా స్థానంలోకి వచ్చే అమ్మాయి తన తాళం, చెవి జంటను తనే తయారు చేసుకుంది.

జ్ఞాపికకు ధన్యవాదాలు. మీలో ఏ ఒక్కరికీ న్యాయం చేయించలేకపోయాను. సరిచూసుకుని నా తాళమే వేసిన మీ పేర్లు మాత్రం ఇక ఏ యంత్రంలోనూ ఎవరికీ దొరకవు. నాకు గుర్తున్నవి నాతోనే ఇంటికి వస్తాయి. ఇక నాకు సెలవిప్పించండి.