పిలిస్తే పలకొద్దు, రెండో భాగం

బోనకల్‌లో ఒక ఇంటి ముందుగది. ఖమ్మం నుంచి వచ్చిన ఆతియా, ఆ ఇంటి కొడుకు అనిల్‌కుమార్, అతని తల్లి పద్మావతమ్మ. మిట్టమధ్యాహ్నం.

“లేదని చెప్పాను కదమ్మా. మా చెల్లి బెంగళూరు వెళ్లింది. ఉద్యోగం.”

“ఎప్పుడు పోయింది అన్నా?”

“చాలా రోజులైంది.”

“ఏం కంపెనీ?”

“ఏదో కంప్యూటర్ కంపెనీ. అసలు నువ్వెవరు? మా సాహిత్యతో చదివావా?”

“లేదు. నా పేరు ఆతియా. ఖమ్మంల ఉంట, కమాన్ బజార్ల మా అబ్బాకు బట్టల దుకాణం. సాహిత్య చేసిన గేమ్‌కు నేను ఫ్యాన్‌ని.”

“ఫ్యానా? వీటికి కూడా ఫ్యాన్లుంటారా?”

“ఉంటరు. నా లెక్కటోళ్లు మస్తుగున్నరు. రెండో భాగం వచ్చింది గదా, అదెట్లుందో చెప్పుకుంట వీడియో చేస్తున్న. పెట్టేముందు ఒక్కసారి ఆమెతోని మాట్లాడదామని వచ్చిన.”

“ఫోన్ చేస్తే సరిపోయేది.”

“చేసిన. స్విచాఫ్.”

“అక్కడ సిగ్నల్ ఉండదు.”

“బెంగళూరుల?”

“వాళ్ల ఆఫీసులో ఉండదంటున్నా.”

“ఎవరు నాన్నా వచ్చింది?”

“ఎవరూ కాదమ్మా. నువ్వు లోపలికి వెళ్లు.”

“ఎండన పడి వచ్చినట్టుంది. ఇదుగో తల్లీ, మంచినీళ్లు తాగు. నిలబడ్డావేం, కూర్చో.”

“ఇయ్యండమ్మా.”

“తాగి వెళ్తుంది. బస్సు టైమైంది ఆ అమ్మాయికి.”

“బండి మీద వచ్చిన అన్నా. నాలుగు ముక్కలు చెప్పి పోత. ఫ్యాన్ ఒకామె వచ్చి గిట్ల చెప్పిందని సాహిత్యకు మీరే చెప్పండి.”

“సరే, త్వరగా కానియ్.”

“అదేం ఆట తల్లీ? మా పిల్ల ఎప్పుడు చూసినా దాని ముందే కూర్చునేది. ఏనాడూ నాకు చూపించలేదు. దాని వల్లనే బెంగళూరులో ఉద్యోగం వచ్చిన మాట మాత్రం నిజం.”

“అమ్మా, నువ్వు మాట్లాడకు.”

“ఉరుకుడు, కాల్చుడు ఏం ఉండదమ్మా. బొమ్మలొస్తయ్, కింద మాటలొస్తయ్. కథల పుస్తకం లెక్క చదువుకుంట పోవాలె. నడుమ నడుమ ఆగి, ఇప్పుడేం చేస్తవని అడుగుతది. రెండు మూడు దారులు చూపిస్తది. మనం ఏది నొక్కితే కథ అటు పోతది.”

“ఏం కథ?”

“భయం కథ. మొదటి భాగం అంతా అడివే. పాల్వంచ దాటినంక బస్సు చెడిపోతది. ఒక పిల్ల దిగి భద్రాచలం దిక్కు నడుస్తది. చీకటి పడతది. ఎనకకెళ్లి ఎవరో పేరు పెట్టి పిలుస్తరు.”

“పలకకూడదు.”

“మీకెట్ల తెలుసు?”

“మా అమ్మమ్మ చెప్పేది. చీకటి పడ్డాక పిలిస్తే ఒక్కసారికి పలకొద్దు, రెండోసారికీ పలకొద్దు. దయ్యం మూడోసారి పిలవదట. మూడోసారి కూడా పిలిచిందంటే మనిషే. చిన్నప్పుడు మా సాహిత్యకి నేనే చెప్పాను. అన్నం తినకపోతే అవే కథలు.”

“గేమంతా దాని మీదనే నడుస్తదమ్మా. పేరు కూడా అదే. పిలిస్తే పలకొద్దు.”

“నేను చెప్పిందే రాసిందా?”

“అవ్, మీరు చెప్పిందే.”

“అయిపోయిందిగా. ఇక బయల్దేరు.”

“ఇంకా రెండో భాగానికి రానే లేదు అన్నా. నిజం చెప్పాలంటే అది నాకు నచ్చలే.”

“నచ్చకపోతే వదిలెయ్.”

“వదలబుద్ది కాలే. అన్ని దారులు నొక్కి చూసిన. మొదటి దాంట్ల ఎన్ని బొమ్మలు. అడివి, గోదారి బ్రిడ్జి, బొగ్గు గనుల కాడ ఖాళీ క్వార్టర్లు. రెండో దాంట్ల ఒక్కటే గది. పొద్దుగాల గది, మధ్యాహ్నం గది, లైటేసిన గది. గంతే. బద్ధకం చేసిందని జెర తిట్టుకున్న కూడా.”

“టైమ్ దొరికి ఉండదు.”

“మాటలు చూస్తే బద్ధకం కాదు. మొదటి దాని కన్న మంచిగ రాసింది. ఒక్క మాట ఎక్కువ లేదు. మీరు చదివిన్రా అన్నా?”

“నేనా? నేను దాని మొహం కూడా చూడలేదు. డబ్బులొస్తాయని పెన్‌డ్రైవ్‌లో ఇస్తే నెట్‌లో పెట్టాను, అంతే.”

“మీరు పెట్టిన్రా?”

“అంటే, తను అడిగితే.”

“బెంగళూరులున్న మనిషి పెన్‌డ్రైవ్ ఎట్లిచ్చింది?”

“కొరియర్‌లో.”

“అక్కడ కంప్యూటర్ కంపెనీల పనిచేసుకుంట, నెట్‌ల పెట్టనీకి బోనకల్‌కు కొరియర్ చేసిందా?”

“చూడమ్మా, ఇంటికొచ్చిన ఆడపిల్లవని మర్యాదగా మాట్లాడుతున్నా. నీకివన్నీ ఎందుకు?”

“ఊకెనే అడిగిన. మెసేజ్‌లకు జవాబిచ్చేది కూడా మీరేనా?”

“ఏ మెసేజ్‌లు?”

“మేం ఫ్యాన్లం పెడతం గదా. ముందు సాహిత్య మమ్మల్ని మస్తు ఆట పట్టించేది. భయపడుకుంట ఆడతనని నాకొక పేరు కూడా పెట్టింది. ఈ నడుమ ఏం రాసినా ఒక్కటే జవాబు, థాంక్యూ సార్ అని. నేను సార్ లెక్క కనిపిస్తున్ననా?”

“పనిలో పడి చూసుకుని ఉండదు.”

“ఫోన్ నీ దగ్గరే ఉంటుంది కదరా.”

“అమ్మా, టీ పెట్టు.”

“పాలు లేవు.”

“లేకపోతే ఊరుకో.”

“టీ వద్దమ్మా. రెండో భాగంల ఇంకో ఇచ్చంత్రం చెప్త. దాంట్ల దయ్యం లేదు. ఎంత ఎతికినా లేదు. గదిల ఒక పిల్ల ఉంటది. తలుపవతల టీవీ నడుస్తది, ఎవరో నవ్వుతరు, తిరగమోత వాసన వచ్చిందని రాస్తది. దయ్యం లేకుంట గిదేం భయం గేమ్ అనుకున్న. కానీ మొదటి దాని కన్న దీనికే ఎక్కువ భయపడ్డ.”

“ఎందుకని?”

“గది తలుపుకు గొళ్ళెం బయటి దిక్కు ఉంటదమ్మా.”

“కాస్త గొంతు తగ్గించు. పక్కనే ఉన్నాంగా, ఎందుకలా అరుస్తావు?”

“దుకాణంల అలవాటు అన్నా. బేరాలాడి బేరాలాడి గొంతు పెద్దగయింది. ఏం చెప్తున్న? ఆఁ, ఆడేముందు ఒక పేరు రాయమంటది. నేను ఆమె పేరే రాసిన. ఇంక గదిల కూసున్న పిల్లను ఎవరో పిలుస్తరు. సాహిత్యా.”

“ఏయ్, ఏంటది?”

“ఎట్ల పిలుస్తదో చూపిస్తున్న.”

“చూపించక్కర్లేదు. నోటితో చెప్పు చాలు.”

“నోటితోనే గదా అన్నా పిలిచింది.”

“వాళ్లూ వీళ్లూ వింటే ఏమనుకుంటారు? దానికి పెళ్లి కుదిరింది. వచ్చే నెలలోనే. ఈ దయ్యాల గోల మగపెళ్లివాళ్ల చెవిన పడకూడదు.”

“బెంగళూరుల ఉద్యోగమంటిరి.”

“ఉద్యోగం మానేసింది. పెళ్లి కదా.”

“మరి ఇంటికొచ్చి ఉండాలె.”

“వస్తుంది. వస్తుందిలే. నువ్వు లే ముందు.”

“కిటికీ ముచ్చట ఒక్కటి చెప్పి లేస్త. ఆ గదికి ఒక కిటికీ ఉంటది. దాంట్లకెళ్లి చూస్తే నీలం రంగు నీళ్ల ట్యాంకు, పక్కన సెల్ టవర్, అవతల రైలు గేటు. ప్రతి బొమ్మల అవే. అంత పట్టుబట్టి ఎందుకు గీసిందో నాకు అర్థం కాలే. ఆమెది బోనకల్ అని మొదటి గేమ్ ఆఖర్ల పేరు కింద ఉంది. ఇయ్యాల స్టేషన్ కాడ మిర్చి బస్తాలు ఎత్తేటోళ్లకు ఆ బొమ్మ చూపించిన. అడ్రస్ అడుగలే, ఊకె బొమ్మ చూపించిన. సక్కగ మీ ఇంటి దారి చెప్పిన్రు.”

“ట్యాంకులు, టవర్లు ఏ ఊళ్లో లేవు?”

“ఉంటయ్. మీ గేటు కాడ నిలబడి చూస్తే మూడూ ఒక్కతీరే కనిపించినయ్.”

“ఎవరు పంపించారు నిన్ను?”

“ఎవరూ పంపలే.”

“హైదరాబాద్‌లో దానితో చదివిన స్నేహితురాళ్లా? ఫోన్ ఇటియ్యి.”

“ఇయ్యను.”

“అనిలూ, ఆ పిల్ల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. తల్లీ, నువ్వు చెప్పు. ఆ ఆటలో, ఆ గదిలో పిల్లకి అమ్మ లేదా?”

“ఉందమ్మా.”

“ఏం చేస్తుంది?”

“వద్దులే అమ్మా.”

“చెప్పు.”

“తాళాలు అమ్మ దగ్గరే ఉంటయ్. తలుపు జెర తీసి పళ్లెంల అన్నం లోపలికి పెడతది. అప్పుడు గేమ్ ఆగి అడుగుతది. అమ్మను పిలుస్తవా, ఊకుంటవా? నేను ఎన్నిసార్లు ఆడినా పిలుస్త అనే నొక్కిన. ఏది నొక్కినా కింద ఒక్కటే మాట వస్తది. అమ్మకు వినపడలేదు.”

“అలా రాసిందా?”

“గట్లనే రాసింది. నాకు నచ్చనిది అదేనమ్మా. ఏ దారిల పోయినా మూసేసింది. ఎంత భయం గేమైనా ఒక్క మంచి ముగింపన్నా పెడతరు. మొదటి దాంట్ల పెట్టింది, పొద్దు పొడుస్తుంటే పిల్ల గోదారి బ్రిడ్జి దాటుతది. నేను ఏడ్సిన దానికి. రెండో దాంట్ల ఆఖరుకు అంతా నల్లగయితది. రెండుసార్లు పేరు పెట్టి పిలుస్తరు. ఆగిపోతది. మూడో పిలుపు లేనే లేదు.”

“మర్చిపోయి ఉంటుంది. ఇక నడువ్.”

“మూడో పిలుపు మీదనే గేమ్ కట్టిన మనిషి, దాన్నే మర్చిపోతదా అన్నా? మస్తు దినాలు అదే ఆలోచించిన. గేమ్ మీరు తెరిచి చూడరని ఆమెకు తెలుసు. మెసేజ్‌లు మీరు చదువుతరని కూడా తెలుసు. అందుకే చెప్పాల్సింది గేమ్‌ల పెట్టింది. మూడోది ఎవరన్నా వచ్చి పిలవాలని ఇడిసిపెట్టింది. సాహిత్యా.”

“నోర్ముయ్. చెప్పాగా, ఇంట్లో లేదని.”

“ఇది రెండోది.”

“విన్నావుగా, ఎవరూ పలకలేదు. ఉంటే పలకదా?”

“రెండోదానికి పలకది అన్నా. ఆమె రూల్ అది.”

“లే. లేస్తావా, ఈడ్చమంటావా?”

“సాహిత్యా. మూడోసారి పిలుస్తున్న. మనిషినే.”

“ఉన్నా. పిరికి పులీ, లోపలే ఉన్నా. బయట తాళం వేశారు. వెళ్లిపోకు.”

“విన్నరా అన్నా? పిరికి పులి నేనే. ఆమె పెట్టిన పేరు.”

“అమ్మా, టీవీ పెట్టు. సౌండ్ పెంచు. నువ్వు బయటికి నడువ్ ముందు.”

“నేను పోను.”

“అమ్మా, టీవీ పెట్టమంటున్నా. వినపడట్లేదా నీకు?”

“వినపడింది నాన్నా. అది పిలిచిన ప్రతిసారీ వినపడుతూనే ఉంది. అడ్డు తప్పుకో, తాళాలు నా దగ్గరే ఉన్నాయి.”