పగులు బండ దగ్గరి పేరు

నా పేరు ఎల్లిస్ క్రౌసర్. వయసు ఇరవై ఏడు. రాతిపని. తండ్రి జేకబ్ క్రౌసర్, రాయ్‌స్టన్ వాగు యుద్ధంలో చనిపోయాడు. బడికి పోలేదు. సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కుతూ అక్షరాలు నేర్చుకున్నాను. ఈ వాంగ్మూలం గుమాస్తాగారు రాశాక నేనే చదువుకుని సంతకం పెడతాను.

రాయ్‌స్టన్ వాగు యుద్ధం జరిగి ఈ సెప్టెంబరుకు పాతికేళ్లు. అక్కడ మా కౌంటీ దళం పేరున స్మారకరాయి నిలిపే పని మా మేస్త్రీ ఏమస్ ప్రిచర్డ్‌కు వచ్చింది. ఆయనా ఆ దళంలో సిపాయే. దళాన్ని నడిపిన కల్నల్ ఎవరెట్ థార్న్ ఇప్పుడు గవర్నరు పదవికి నిలబడ్డాడు. దళం పోరాడిన చోటే రాయి ఉండాలని నియమం. ఆ చోటు కల్నలే చూపాలి.

1887 ఆగస్టు 22, సోమవారం ఉదయం ఎనిమిదికి మేస్త్రీ చెప్పినట్టు అక్కడి పగులు బండ అనే పెద్ద రాయి పక్కన గుంత మొదలుపెట్టాం. జానెడు లోతులో పచ్చబడ్డ రాగి టోపీలు దొరికాయి, తుపాకీ మందు అంటించే గోరంత మూతలు. ఆనాటి తుపాకీ పేల్చిన ప్రతిసారీ ఒక టోపీ సిపాయి కాళ్ల దగ్గరే రాలుతుంది. నూట పద్దెనిమిది ఏరి రేకుడబ్బాలో వేశాను.

పదింటికి కల్నల్ వచ్చాడు. టోపీలు చూశాడు. గుంత పూడ్చమన్నాడు. నూట ఇరవై అడుగులు ముందుకు నడిచి, ఆనాడు శత్రువులు చాటున నిలిచిన గోడ పక్కన చేతికర్ర గుచ్చాడు.

"ఇక్కడ. మేం గోడ దాకా వచ్చాం."

అక్కడ మూడు రోజులు తవ్వాం. ఒక్క టోపీ లేదు. ఒక్కటి కూడా లేదు. ఈలోగా నా డబ్బా మాయమైంది. మేస్త్రీ మీదే నాకు అనుమానం.

"మీరు గోడ దాకా వెళ్లారా మేస్త్రీ?"

"ఆ పొగలో ఎవడు కొలిచాడురా? నీ పని నువ్వు చూసుకో."

నా మొహం చూడకుండా అన్నాడు.

సెప్టెంబరు 5న చనిపోయినవాళ్ల జాబితా వచ్చింది. నలభై ఒక్క పేర్లు. నలభై ఒకటీ చెక్కాను. మా నాన్న పేరు లేదు. మధ్యాహ్నం కల్నల్ వస్తే అడిగాను.

"మీ నాన్న సమాధి ఎక్కడుంది?" అన్నాడు.

"పగులు బండ దగ్గరండి."

"మేమంతా గోడ దగ్గరుంటే మీ నాన్న అంత వెనకాల ఏం చేస్తున్నాడబ్బాయ్? పళ్లు కోసుకుంటున్నాడా?"

వెంట ఉన్నవాళ్లు నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. మిగతా నలభై ఒక్కమంది ఎక్కడ పడ్డారని అడిగాను. ఆయన వెనుదిరిగి వెళ్లిపోయాడు. వాళ్లందరినీ తర్వాత ఊరి శ్మశానానికి చేర్చారు. పడ్డచోటే మిగిలింది మా నాన్న ఒక్కడే. మా నాన్న సమాధి అక్కడ ఉన్నంతకాలం కల్నల్ గోడ దాకా పోయానంటే చెల్లదు. అందుకే మా నాన్న పారిపోయినవాడయ్యాడు.

సెప్టెంబరు 17, శనివారం, ఆవిష్కరణ రోజు. ఉదయం ఆరింటికి రాయి మీది గుడ్డ ఎత్తి, నలభై ఒకటో పేరు కింద మా నాన్న పేరు మొదలుపెట్టాను. ఏడున్నరకు ఉలి మొద్దుబారింది. ఎనిమిదికి పదునుపెట్టిన ఉలి నా చేతిలో ఉంది. పక్కనే నా రేకుడబ్బా ఉంది. అవి రెండూ ఎవరు తెచ్చారని పోలీసు అధికారి మూడుసార్లు అడిగాడు. చెప్పను. మెజిస్ట్రేటుగారూ, డబ్బా మీ బల్ల మీద ఉంది. లెక్కపెట్టుకోండి.

రాయి పాడుచేశానని కేసు. పేరు చెరిపించాలని కల్నల్ కోరాడట. మిగతా పేర్లు పావు అంగుళం లోతు. మా నాన్నది ముప్పావు అంగుళం. అంతమేరే తీస్తే గుంట పడుతుంది. ఇక్కడ ఎవరి పేరుండేదని వచ్చినవాడల్లా అడుగుతాడు. గుంట లేకుండా తీయాలంటే రాతిముఖమంతా చెక్కాలి. అప్పుడు అన్నిటికన్నా పైనున్న కల్నల్ పేరూ పోతుంది. అదీ నేనే చెక్కాను. దాని లోతు నాకు తెలుసు.

ఇది నా నోటితో నేను చెప్పింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. చదువుకున్నాను, తప్పు లేదు.

(సం) ఎల్లిస్ క్రౌసర్
పక్కన, నేను చెక్కే రాళ్ల మీద వేసుకునే నా గుర్తు వేశాను.
1887 సెప్టెంబరు 17, సాయంత్రం 4 గంటలు. మెజిస్ట్రేటు సమక్షంలో.