ఆఖరి నిమిషంలో గడియారాన్ని వదిలేసిన మనిషి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా కళాశాల అధ్యక్షులు డాక్టర్ ఫెన్విక్ గారికి, ధర్మకర్తల మండలి పెద్దలకు, ఈ పంది మాంసం వేపుడూ బంగాళాదుంపలూ వండి వంటింటి కిటికీలోంచి ఎవరు ఎంత వదిలేశారో చూస్తున్న చర్చి అమ్మలకు, నాతోపాటు ఇన్నేళ్ళుగా అయోవా చలిలో గడ్డకట్టిన తోటి శిక్షకులకు, ఆటగాళ్ళకు, మిత్రులకు, ఈ వీడ్కోలు సన్మానం ఇంకెవరికో అన్నట్టు తన పళ్ళెంలోకే చూస్తూ కూర్చున్న మా హెడ్ కోచ్ ఎల్డన్ హోవ్లాండ్ గారికి, అందరికీ నమస్కారం.

నా పేరు డ్వైట్ కజ్మరెక్. ఈ హాల్వర్సన్ కళాశాల ఫుట్‌బాల్ జట్టులో, ఎదుటివాళ్ళ చేతిలో బంతి ఉన్నప్పుడు దిగి అడ్డుకునే డిఫెన్స్ నా బాధ్యత. అంటే ఎదుటి జట్టు స్కోరు చేసినప్పుడల్లా ఊరంతా కలిసి తిట్టేది నన్నన్నమాట. అధ్యక్షుల వారు నన్ను క్లుప్తంగా ముగించమన్నారు. క్షమించాలి సార్. మైకు నా చేతిలో ఉన్నంతసేపు ఇంకొకరి చేతిలో ఉండదు. ఈ విద్య నాకు నేర్పింది మీ పక్కన కూర్చున్న పెద్దమనిషే. (నవ్వులు)

భోజనం కోసం మాత్రమే వచ్చిన సంగీత శాఖ వారికి ఒక్క ముక్క చెప్పాలి. మా ఆటలో బంతిని చేత్తో పట్టుకుని ఎదుటివాళ్ళ గీత దాటిస్తే ఆరు పాయింట్లు. ఈ ఆటకు ఒక గడియారం ఉంటుంది. బంతి ఒక జట్టు చేతిలో ఉన్నప్పుడు, ఆటగాళ్ళు ఊరికే నిలబడి గాలి పీల్చుకుంటున్నా, చాలాసార్లు ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఏ జట్టు ఎంతసేపు బంతిని తన దగ్గర ఉంచుకుందో ఎవరో కూడి చెబుతారు. ఆ కూడికలో ఎవరిది ఎక్కువైతే గెలుపు వాళ్ళదేనని మా ఎల్డన్ గారి నమ్మకం. నమ్మకమంటే మామూలు నమ్మకం కాదు. ఈయన ఆదివారం చర్చిలో ఏమైనా సందేహపడి ఉండొచ్చు గానీ, దీన్ని మాత్రం ఎన్నడూ సందేహించలేదు.

ఈయనకు తొందర పనికిరాదు. హోటల్లో మెనూ మొత్తం చదివి, వడ్డించే అమ్మాయి రెండుసార్లు వచ్చి వెళ్ళాక, రోజూ తినే గుడ్లే తెమ్మంటారు. నాలుగు రోడ్ల కూడలిలో ఆగితే మిగతా మూడు వైపుల వాళ్ళూ వెళ్ళేదాకా కదలరు. ఆ లెక్కన మార్డెల్ గారిని పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి ఎన్ని శీతాకాలాలు గడిపి ఉంటారో నేను ఊహించగలను...

(ముందు వరుస నుంచి మార్డెల్ గారు: "ఈయనెక్కడ అడిగాడయ్యా, నేనే అడిగాను!" పెద్దగా నవ్వులు.)

అదీ సంగతి. అప్పుడు కూడా బంతి తన దగ్గరే పెట్టుకుని కూర్చున్నారు.

నేను ఇక్కడికి వచ్చిన మొదటి శరదృతువులోనే మాకు గొడవ మొదలైంది. వార్బర్టన్ కళాశాల మీద ఆట. మేము బంతిని గర్భిణీ స్త్రీని నడిపించినట్టు మెల్లగా, జాగ్రత్తగా, మూడు గజాలు ముందుకు, ఒక గజం వెనక్కు నడిపిస్తూ ఆటలో మూడింట రెండు వంతుల సమయం మా దగ్గరే ఉంచుకున్నాం. వార్బర్టన్ వాళ్ళు బంతి చేతికొచ్చినప్పుడల్లా ఒక పొడుగు విసురు విసిరి, స్కోరు చేసి, పోయి బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగారు. మమ్మల్ని చిత్తుగా ఓడించారు. తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ తలలు వేలాడేశారు. ఈయన మాత్రం నా పక్కకు వచ్చి కూర్చుని, గుడ్డలోకి కోడిగుడ్డు జారినంత మెత్తగా అన్నారు.

"చూశావా డ్వైట్, సమయంలో మనదే పైచేయి."

"స్కోరులో ఎవరిది కోచ్?"

"నేననేది దాని గురించి కాదు."

"ఊళ్ళో జనం దాని గురించే అంటారు మరి."

"జనానికి ఆట తెలీదయ్యా."

"స్కోరుబోర్డుకి కూడా తెలీదంటారా?"

ఆ మాటతో లేచి ముందు సీట్లోకి వెళ్ళిపోయారు. దిగేటప్పుడు మాత్రం, "రేపు పొద్దున్నే రా, దీని సంగతి తేలుద్దాం" అన్నారు. పందొమ్మిదేళ్ళుగా తేలుస్తూనే ఉన్నాం.

నా వాదన ఇది. ముందున్న జట్టు ఆట చివర్లో నింపాదిగా ఆడుతుంది కాబట్టి బంతి ఎక్కువసేపు దాని దగ్గరే ఉంటుంది. గెలుస్తున్నారు కాబట్టి బంతి పట్టుకున్నారు, పట్టుకున్నారు కాబట్టి గెలవలేదు. జ్వరం తగ్గినవాడికి ఆకలేస్తుంది. ఆకలేసినందువల్లే జ్వరం తగ్గిందంటే ఎలా? దానికి ఈయన, "మరి నీ డిఫెన్స్ వాళ్ళకు విశ్రాంతి దొరుకుతోందా లేదా?" అనేవారు. దొరుకుతుంది, నిజమే. నా కుర్రాళ్ళు బెంచీ మీద కూర్చుని ఎంత విశ్రాంతి తీసుకున్నారంటే, పిలిస్తే కొందరికి మోకాళ్ళు పట్టేసేవి. మనిషి అలిసిపోయేది గడియారం తిరిగితే కాదండీ, ఎదుటివాడు వచ్చి గుద్దితే.

గుద్దడమంటే గుర్తొచ్చింది. వెండెల్ క్రూస్, ఎక్కడున్నావయ్యా? లేవాలి ఓసారి. అదిగో, వెనక తలుపంతా మూసేసి నిలబడ్డాడు. (చప్పట్లు) ఎల్డన్ గారు దాచిపెట్టుకున్న సమయమంతా దేనితో తయారైందని ఎవరైనా అడిగితే, ఈ అబ్బాయి భుజాలతో అని చెబుతాను. బంతి పట్టుకుని పరుగెత్తేది ఇంకొకడు. వాడి ముందు పరుగెత్తి, అడ్డం వచ్చినవాడి మీద పడి, దారి తెరిచి, కింద పడి, లేచి, మళ్ళీ పడటం వెండెల్ ఉద్యోగం. నాలుగేళ్ళూ అదే పని. కుడి భుజానికి ఆపరేషనైంది. నయమయ్యాక ఎడమ భుజం ముందు పెట్టి గుద్దడం మొదలెట్టాడు. ఆటలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా, ఎవరూ వాడి చేతికి బంతి ఇవ్వలేదు. ఇమ్మని వాడు అడగనూ లేదు.

ఇక పోయిన నవంబరు సంగతికి వస్తాను. ఈ సభలో దాని ఊసెత్తవద్దని ఒకరిద్దరు నన్ను పక్కకు పిలిచి మర్యాదగా చెప్పారు. వాళ్ళకు నా ధన్యవాదాలు. (నవ్వులు)

మళ్ళీ వార్బర్టనే. గెలిస్తే లీగు టైటిల్ మాది. మా జట్టులో చాలామంది పుట్టకముందు ఒకసారి వచ్చింది, మళ్ళీ రాలేదు. మంచు పడుతోంది. స్టేడియంలో నిలబడటానికి చోటు లేదు. మేము ఒక్క పాయింటు ముందున్నాం. బంతి మాది, వాళ్ళ గీతకు మూడు గజాల దూరంలో ఉంది. ఇంకా నిమిషం పైచిలుకు మిగిలింది. ఆట ఆపించి గడియారం నిలబెట్టే అవకాశాలన్నీ వార్బర్టన్ వాళ్ళు అప్పటికే వాడేసుకున్నారు. సంగీత శాఖ వారూ, ఇలాంటప్పుడు చెయ్యాల్సింది చంటిపిల్లాడికైనా తెలుసు. ప్రతిసారీ బంతిని మొదట అందుకునే మా క్వార్టర్‌బ్యాక్, దాన్ని అందుకుని మోకాలు నేలకు ఆనించాలి, ఆ ప్రయత్నం అక్కడికి సరి. గడియారం తిరుగుతుంది. మళ్ళీ ఆనించాలి. ఆట అయిపోయింది, టైటిల్ మాది.

పందొమ్మిదేళ్ళు బంతి చేతిలో ఉంటే చాలు అన్న మనిషికి, ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజమైన ఒకే ఒక్క నిమిషం అది. దాన్ని ఆ దేవుడే ఈయన కోసం ఆ గడియారంలో పెట్టి పంపాడనుకున్నాను నేను.

క్వార్టర్‌బ్యాక్ టిల్మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మోకాలేగా కోచ్?"

ఈయన మైదానం వైపు చూస్తున్నారు. వెండెల్ నడుం మీద చేతులు వేసుకుని, ఆ చలిలో ఒంట్లోంచి ఆవిర్లు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"క్రూస్‌కి ఇయ్యి."

"ఏమిటి?"

"బంతి క్రూస్‌కి ఇయ్యి. పో."

నేను వెళ్ళి ఈయన చొక్కా పట్టుకున్నాను. "కోచ్, మతి పోయిందా మీకు? గడియారం చూడండి! జీవితమంతా చూశారు కదా, ఇప్పుడు చూడండి!"

"చూసింది చాల్లే డ్వైట్."

వెండెల్ బంతి పట్టుకున్న తీరు మీరంతా చూశారు. పక్కింటివాళ్ళ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పొట్టకు అదుముకుని, ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత దాటి పడ్డాడు. అంత అరుపు మా ఊళ్ళో నేనెప్పుడూ వినలేదు. ఆరు పాయింట్లు వచ్చాయి. దాని మీద వచ్చే ఒక్క పాయింటు కోసం తన్నిన బంతి స్తంభానికి తగిలి బయటకు పోయింది. ఏడు పాయింట్లు ముందున్నాం. కానీ గడియారంలో ఇంకా నిమిషం ఉంది, బంతి ఇప్పుడు వార్బర్టన్ వాళ్ళది.

మిగతాది చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అప్పుడు మైదానంలో ఉన్నది నా డిఫెన్స్. హాయిగా విశ్రాంతి తీసుకున్న డిఫెన్స్. (నవ్వులు) వాళ్ళు నాలుగు విసుర్లలో మా గీత దాటారు. తన్ని ఒక్క పాయింటు తీసుకుని సరిపెట్టుకోకుండా మళ్ళీ గీత దాటించి రెండు తీసుకున్నారు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గదిలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది వెండెల్. బూటు తీసి గోడకు కొట్టాడు. "ఎందుకిచ్చారు నాకు? మిమ్మల్ని అడిగానా నేను? మోకాలు ఆనిస్తే గెలిచేవాళ్ళం కదా!"

"అవును. గెలిచేవాళ్ళం" అన్నారు ఎల్డన్ గారు.

"మరి?"

ఈయన వంగి, గోడ దగ్గర పడ్డ ఆ బూటు తెచ్చి వాడి ముందు పెట్టారు. తర్వాత, "నాలుగేళ్ళు నా కోసం పడ్డావు. ఒక్కసారి నీ కోసం పడతావేమో చూద్దామనుకున్నా. తప్పు నాది, నీది కాదు. ఆ బూటు తొడుక్కో, కాలు చల్లబడుతుంది" అన్నారు. వెండెల్, ఇంకా కోపమేనా?

(వెనక నుంచి: "కొంచెం!" నవ్వులు, చప్పట్లు.)

ఇప్పుడు, అధ్యక్షా, మీ గురించి. రేపటి నుంచి హెడ్ కోచ్‌గా నేను మీకే జవాబు చెప్పుకోవాలని తెలిసి కూడా రెండు ముక్కలు. ఆ ఓటమి తర్వాత మీరు షికాగో నుంచి ఆటల లెక్కలు కట్టే ముగ్గురు కుర్రాళ్ళను పిలిపించారు. బూట్లకు బురద అంటకుండా మైదానమంతా తిరిగి, వాళ్ళు తెర మీద రంగురంగుల గీతలు చూపించారు. బంతి ఎంతసేపు ఉంచుకున్నారన్నదానికీ, గెలుపుకూ సంబంధం లేదని తేల్చారు. మీరు ఎల్డన్ గారిని గదికి పిలిచి, నన్నూ కూర్చోబెట్టి, "మీ పద్ధతికి కాలం చెల్లింది ఎల్డన్, శాస్త్రం ఒప్పుకోవడం లేదు" అన్నారు.

అది నా మాట సార్. పందొమ్మిదేళ్ళుగా బస్సుల్లో, హోటళ్ళలో, పొద్దున్నే ఈయన గదిలో గొంతు చించుకుని నేను చెప్పిన మాట. నా మాట గెలిచింది కదా, సంతోషించాలి. మీ నోట్లోంచి వినేసరికి అది నా మాట కాదని చెప్పెయ్యాలనిపించింది. ఎందుకంటే మనం ఈయన్ని పంపిస్తున్నది గడియారాన్ని పట్టుకు వేలాడినందుకు కాదు. ఒక్కసారి వదిలేసినందుకు. ఆ సంగతి మీ ముగ్గురు కుర్రాళ్ళ తెర మీద ఏ రంగులోనూ నాకు కనబడలేదు. (ఒక మూల నుంచి చప్పట్లు.)

ఆ రోజు ఈయన వాదించలేదు. నాతో తప్ప ఎవరితోనూ వాదించని మనిషి. లేచేటప్పుడు ఒకటే అడిగారు, తన కుర్చీ బయటివాడికి కాకుండా నాకిమ్మని. బయటికొచ్చాక మెట్ల మీద పట్టుకున్నాను.

"నేనెందుకు? జీవితమంతా మిమ్మల్ని ఎగతాళి చేసినవాణ్ణి."

"ఎదురుగా చేశావు. మిగతావాళ్ళు ఇంటికెళ్ళి చేశారు. పైగా నీకు తొందరెక్కువ డ్వైట్, కుర్రాళ్ళకు అదిష్టం."

ఎల్డన్ గారూ, ఇంతమందిలో చెబుతున్నాను. ఆ నిమిషానికి నేను మిమ్మల్ని క్షమించలేదు. రేపు నా జట్టుకు అలాంటి నిమిషమే వస్తే, వెండెల్ లాంటివాడు అలాగే నిలబడి ఉంటే, నేను మోకాలు ఆనించమనే చెబుతాను. గెలుస్తాను. టైటిల్ తెస్తాను. ఫెన్విక్ గారు నా భుజం తడతారు. తర్వాత ఆ కుర్రాడు ఒక్కసారీ బంతి ముట్టకుండానే నాలుగేళ్ళూ ముగించుకుని, నా ముందు నుంచి చెయ్యూపి వెళ్ళిపోతాడు చూడండి, అప్పుడు వాడి కళ్ళలోకి ఎలా చూడాలో మాత్రం మీరు నాకు నేర్పలేదు. తీరుబడిగానే రండి, నేర్పండి. ఆ ఒక్క పాఠానికి ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు.

ఓపికగా విన్న మీ అందరికీ, వండి పెట్టిన అమ్మలకు, ఈ మనిషిని ఇన్నేళ్ళు మాకు అరువిచ్చిన మార్డెల్ గారికి కృతజ్ఞతలు. మైకు వదిలేస్తున్నాను. సెలవు.