వంటింట్లో ఇనప పోటు

నువ్వు ఎన్ని లెక్కలు చూపించినా సరే, ఇంజినీరమ్మా, దూలం కింద నిలబెట్టిన ఆ ఇనప పోటు తియ్యనివ్వను. చెప్పేశాను. మళ్ళీ మొదలుపెట్టకు.

ముందు కోటు విప్పి కూర్చో. కాఫీ పోశాను, చల్లారిపోతోంది. కాఫీ తాగకుండా నా వంటింట్లో ఎవరూ పని మాట ఎత్తరు. గని ఆఫీసు వాళ్ళయినా అంతే, పాదిరిగారైనా అంతే.

అవును, జిప్సం పగిలింది. నేనే కదా ఫోను చేసి చెప్పాను, దాచానా? పోయినసారి నువ్వు ఈ కాంక్రీటు దూలం మీద పగులుకి అడ్డంగా ఇంత తెల్లటి జిప్సం పూసి, పక్కన తారీఖు రాసి, "ఇది పగిలిందంటే పగులు ఇంకా కదులుతున్నట్టు, వెంటనే చెప్పండి" అన్నావు. పగిలింది. చెప్పాను. అబద్ధమాడి ఇల్లు కాపాడుకునే మనిషిని కాను.

కానీ చెప్పడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ఏమిటీ? కాస్త గట్టిగా మాట్లాడు తల్లీ. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది దానికి బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తుంది.

ఈ పోటు ఎవరు పెట్టారనా? ఇంకెవరు, మా ఆయన. అల్ఫోన్స్. నువ్వు ఆయన్ని చూడలేదు కదూ! గనిలో పోట్లు పెట్టే మేస్త్రీ. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద నుంచి పోట్లు నిలబెట్టడం, అదీ ఆయన పని. గని మూసేసేదాకా అదే చేశాడు. ఆయన పెట్టిన పోటు కింద ఒక్క మనిషి చావలేదు. ఈ వీధిలో ఏ ముసలాడినైనా అడుగు, టోపీ తీసి మరీ చెప్తాడు.

ఆకులు రాలే రోజుల్లో డాక్టరు చెప్పేశాడు, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే, ఈ క్రిస్మస్ చూస్తే గొప్ప అని. ఇంటికొచ్చి ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నా. ఏడవలేదు. పైకి చూస్తూ కూర్చున్నాడు.

"ట్రౌడే, పైన స్నానాల తొట్టి ఉంది. నీళ్ళు నిండితే ఎంత బరువో తెలుసా?"

"పెళ్ళైన దగ్గర్నుంచీ స్నానం చేస్తూనే ఉన్నాం కదయ్యా, ఎప్పుడైనా పడిందా?"

"నేనుండగా పడదు."

విన్నావా! దూలం ఈయనకి భయపడి నిలబడి ఉన్నట్టు!

మర్నాడే తోటలో పావురాల గూటి దగ్గర పడున్న ఇనప పోటు మోయించుకొచ్చాడు. పక్కింటి హైనో సాయం వచ్చాడు, ఇద్దరూ ఒక గనిలో పనిచేసిన వాళ్ళు. హైనో అన్నాడు, "ఒరే అల్ఫోన్స్, చెక్కది పెట్టరాదూ? కింద గనిలో మనం నమ్మింది చెక్కనే కదా." నిజమే మరి. చెక్క పోటు విరిగే ముందు మూలుగుతుంది. ఆ మూలుగు విని మనుషులు పరిగెత్తి బతుకుతారు.

మా ఆయన నా వైపు వేలు చూపించి అరిచాడు, నాక్కూడా వినపడేలాగ: "మూలిగితే దీనికి వినపడాలి కదరా! చెక్క అక్కడ గోల పెడుతుంటే ఇది ఇక్కడ బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చుంటుంది!" ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత చిన్నగా అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నా. "ఇనుమైతే మూలగదు, వంగదు. ఊరికే మోస్తుంది."

అదీ సంగతి. నా చెవుల కోసం ఇనుము పెట్టాడు.

పైన, పోటుకీ దూలానికీ నడుమ చీలలు బిగించడానికి హైనోని దగ్గరికి రానివ్వలేదు. స్టూలెక్కి ఒక దెబ్బ కొట్టడం, ఊపిరి తీసుకోవడం. మళ్ళీ ఒక దెబ్బ. నేనేం చేశానో తెలుసా? తిట్టాను. "వంటింటి నడుమ స్తంభమేమిటి, చర్చి కడుతున్నావా? బల్ల ఎక్కడ పెట్టుకోను?" అని. "నేను పోయాక తీరిగ్గా తిట్టుకో" అన్నాడు. ఆ తర్వాత సుత్తి పట్టుకోలేదు. గని వాళ్ళ పండగ, సెయింట్ బార్బరా రోజున పోయాడు. పండగ బాజాల వాళ్ళు అదే యూనిఫారాలతో వచ్చి నిలబడ్డారు.

మళ్ళీ ఆ స్కేలు తీస్తున్నావా? సరే, పెట్టు. నా కప్పులు జాగ్రత్త.

ఊఁ. రెండు కప్పులు, పైన స్కేలు. ఇది నా దూలం, ఇవి రెండు గోడలు. ఒక కప్పు కాస్త కిందికి దించావు. స్కేలు ఒరిగింది, అంతే. దానికేం బాధ లేదు. ఇంతవరకూ ఎవరి మీద ఎంత బరువుందో తూకం చూసి చెప్పెయ్యొచ్చు. సంతలో కూరగాయలమ్మే ఆవిడ కూడా చెప్తుంది.

ఇప్పుడు మధ్యలో మూడో కప్పు. మళ్ళీ చివరి కప్పు దించావు. ఆఁ... స్కేలు వీపు ఎత్తింది. మధ్య కప్పు దిగనంటుంది, చివర దిగిపోతుంది, స్కేలు విరగాలి లేదా వంగాలి. మూడు ఉన్నప్పుడు తూకం ఒక్కటీ చాలదంటావు. ఏది ఎంత వంగుతుందో, ఏది అసలు దిగనని మొండికేస్తుందో కూడా తెలియాలి. మొండికేసిన దాని మీదికే బరువంతా వచ్చి చేరుతుంది.

అర్థమైందిలే. పాడైంది చెవులు, బుర్ర కాదు.

అంటే పోయిన చలికాలంలో వీధి వైపు గోడ నేలలోకి కుంగింది. కింద ఖాళీ కదా, బొగ్గు తీసేశారు. ఎవరు తీశారు? మా ఆయనా, ఆయన జట్టూనే! ఈ పోటేమో పాత పొయ్యి పునాది మీద ఉంది, అది కుంగలేదు. దూలం చివర దిగింది, నడుము దిగలేదు, పైభాగం చీలింది. లోపలి ఇనప చువ్వలన్నీ అడుగునే ఉన్నాయి. రెండు గోడల లెక్కకి వేసినవి. నడుమ నుంచి ఎవరో పైకి తోస్తారని కట్టినవాడు కలగన్నాడా?

పోయినసారి నువ్వొక మాటన్నావు. చెక్కదై ఉంటే కొంచెం నలిగేది, దూలం బతికేది అని. ఆ మాట అనకుండా ఉండాల్సింది, తల్లీ. వారం రోజులు ముద్ద దిగలేదు.

పోటు మీద ఎంత బరువుందో లెక్క ఎలా తెలిసింది నీకు? లోపల దూరి చూడలేదు కదా?

ముందు అది లేదనుకుంటారా? అది లేకపోతే దూలం ఎంత వంగేదో చూస్తారు. తర్వాత, ఇప్పుడున్న చోటికి దాన్ని ఎత్తడానికి కింద నుంచి ఎంత తోయాలో చూస్తారు. ఆ తోపే పోటు మోస్తున్న బరువు. బాగుంది మీ చదువు. "ముందు లేదనుకుందాం." ఎంత తేలిగ్గా అన్నావు! నాకు ఆ మొదటి మెట్టే ఎక్కడం రావడం లేదు. పొద్దున్నే రెండు కప్పులు తీస్తున్నాను ఇప్పటికీ.

లేదు, ఏడవడం లేదు. ఉల్లిపాయలు తరిగాను ఇందాక.

ఇలా ఉంచేస్తే ఏమవుతుంది, సూటిగా చెప్పు. నెమ్మదిగా చెప్పినా చేదు చేదే.

విరుగుతుంది. పైన తొట్టితో సహా. నేను కింద ఉండగా కావచ్చు.

ఊఁ.

అప్పుడు వీధి ఏమంటుంది? అల్ఫోన్స్ పెట్టిన పోటు పెళ్ళాన్ని చంపిందంటుంది. ఆయన పోటు కింద పోయిన మొదటి మనిషిని నేనవుతాను. కాదా? ఆయన సంపాదించిన పేరు అదొక్కటే. దాన్ని నేను చెడగొడతానా?

లే. కాఫీ తర్వాత తాగుదువు గానీ. ఆ సుత్తి ఇలా ఇవ్వు.

నువ్వు కాదు. గనిలో పోటు తీసే పని పెద్దవాళ్ళది, పిల్లలు వెనక నిలబడతారు. తలుపు దగ్గరికి వెళ్ళు. ఇంకా వెనక్కి. నీ మనుషులు అటూ ఇటూ రెండు జాకీలు పెట్టారుగా, దూలానికి అట్టముక్క మందం సందు వదిలి? అవి చాలు నాకు. స్టూలు గట్టిగానే ఉంది. ముసలిదాన్నని చెయ్యి పట్టుకోకు.

ఇంత బిగించాడేమిటి! ఊపిరి లేని మనిషి...

ఇదిగో. కదిలింది. ఇంకొకటి. ఆ చీల జారింది, అందుకో. పోటు ఒరుగుతోంది, నేను పట్టుకున్నాను, ఫర్వాలేదు. ఒట్టి ఇనుము, ఎంత చల్లగా ఉందో.

ఏమైంది? చప్పుడు ఏమైనా అయిందా? చెప్పవేం, నీకు చెవులున్నాయి కదా!

ఏమీ కాలేదా?

పగులు? దగ్గరికి వెళ్ళి చూడు. మూసుకుందా? ఇప్పుడు దూలం మామూలుగా కిందికి వంగి, పైన పగులు అంచులు ఒకదానికొకటి నొక్కుకుంటున్నాయంటావు. సిమెంటు పూత పూసేస్తే కనపడను కూడా కనపడదా? సరే. మంచిదే. మంచిదే కదా!

దూలం ఆ జాకీలకి కూడా తగల్లేదు. చూశావా దీని తెగువ? అంత కష్టపడి, గుక్క తిప్పుకోలేక ఆయన పెట్టింది, తీసేస్తే దీనికి లెక్కే లేదు. హాయిగా ఉంది. ముందు నుంచీ అక్కర్లేదు దీనికి.

కాదులే, దూలాన్ని కాదు నేను అంటున్నది.

ఎవరితోనూ అనలేదు, పాదిరిగారితో కూడా. ఆయన దగ్గుతుంటే మంచం అదిరేది. వినపడకపోయినా ఒంటికి తెలిసేది. ఏళ్ళ తరబడి ఒక్క రాత్రి సరిగ్గా పడుకోలేదు. సమాధిలో దించి వచ్చిన రోజున, ఇక కన్ను మూతపడదు అనుకుని పక్క మీద వాలాను. తెల్లారి బాగా పొద్దెక్కాక లేచాను. మర్నాడూ అంతే. అందుకే రోజూ ఆ పోటుకి భుజం తగిలి నొప్పెడుతుంటే, ఉండనీ, తగలనీ అనుకున్నాను.

ఇప్పుడు అదీ లేదు. ఈ రాత్రి కూడా నిద్ర పడుతుంది, చూస్తూండు. ఏం చెయ్యమంటావు చెప్పు, పట్టేస్తోంది.